ఏడు కిలోల సంచి

(మహాసభల వేదికపై చేసిన ప్రసంగ పాఠం)



నేను రచయితను కాను, వక్తను అంతకన్నా కాను. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక గోడౌనుకి స్టోర్ కీపర్ని. వచ్చిన సరుకూ పోయిన సరుకూ లెక్క రాయడం నా వృత్తి. "మీ గల్ఫ్ వాళ్ళ కష్టాలు చెప్పండి" అని నిర్వాహకులు అడిగారు. కష్టాలు మీరు చాలా విన్నారు. అంచేత ఇవాళ ఒక సుఖం సంగతి చెబుతాను. ఒక సంచి లెక్క, ఒక స్నేహితుడి లెక్క, రెండు అబద్ధాల లెక్క.

దుబాయ్ అనగానే మీకు బుర్జ్ ఖలీఫా గుర్తొస్తుంది. అమెరికా నుంచి ఇండియా వెళ్తూ విమానం మారేటప్పుడు కిటికీలోంచి చూసే ఉంటారు. మేముండే చోటు ఆ కిటికీలోంచి పెద్దగా ఆనదు. ఊరికి దక్షిణంగా, జెబెల్ అలీ వైపు, షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు పక్కన 2,300 హెక్టార్లలో పరుచుకున్న పేట అది. 1997లో మొదలైంది. ఫ్యాక్టరీలు, గోడౌన్లు, షెడ్లు, వాటి మధ్య పనివాళ్ళ వసతి గృహాలు. ఒక మూల గ్రీన్ కమ్యూనిటీ అని చెట్లూ చెరువులూ ఉన్న ఇళ్ళు కూడా ఉన్నాయి, మేం బయటి నుంచి చూసేవాళ్ళం. మెట్రో స్టేషను 2021లో వచ్చింది. అంతకు ముందు మాకు కంపెనీ బస్సే మెట్రో, కంపెనీ బస్సే పుష్పక విమానం.

2007లో నేను అక్కడికి చేరినప్పుడు గదికి ఆరుగురం, మూడు రెండంతస్తుల మంచాలు. పై మంచం నాది, కింది మంచం మావాడిది. వాడి పేరు చెప్పనందుకు ఏమీ అనుకోకండి, చెప్పొద్దన్నాడు. వాడిది జగిత్యాల దగ్గర పల్లె, నాది కోనసీమలో అంబాజీపేట దగ్గర. ఇద్దరిదీ తెలుగే, కానీ మొదటి నెల నాకు వాడి తెలుగు సగమే తెలిసేది. "డ్యూటీ నుంచి ఇప్పుడే అచ్చిన" అంటే దేనికి అచ్చు వేసి వచ్చాడో అనుకున్నాను. నేను "ఆయ్" అంటే వాడు "ఏంది, నొప్పి లేస్తుందా?" అని అడిగేవాడు.

వాడు అల్యూమినియం కిటికీలు చేసే షెడ్డులో ఫ్యాబ్రికేటరు. దుబాయ్‌లో ఎన్ని మేడల కిటికీలకి వాడి చెయ్యి తగిలిందో వాడికే తెలీదు. 2008 చివర్లో మాంద్యం వచ్చి భవనాల పనులు ఎక్కడివక్కడ ఆగిపోయినప్పుడు నాకు మూడు నెలలు జీతం రాలేదు. ఆ మూడు నెలలూ మా వాడు వండిన పప్పూ అన్నమూ తిన్నాను. ఇంటికి పంపాల్సిన డబ్బు కూడా వాడే సర్దాడు. తిరిగి ఇచ్చేటప్పుడు లెక్క చూడలేదు. స్టోర్ కీపర్ని, నేను చూశాను, సరిపోయింది.

మా గది గోడ మీద ఒక ట్రావెల్ ఏజెన్సీ క్యాలెండరు ఉండేది. జనవరి పేజీలో సముద్రం, తెల్ల ఇసుక, వంగిన కొబ్బరిచెట్టు. కింద థాయ్‌లాండ్ అని రాసి ఉండేది. "మా కోనసీమే ఇది" అనేవాణ్ణి నేను. "నీ కోనసీమల నీళ్ళు గింత నీలమా? ఎన్నడన్న పోయి చూద్దాం తియ్" అనేవాడు వాడు. ఏడాది అయిపోయినా ఆ ఒక్క పేజీ చించకుండా ఉంచాం. గది మారినప్పుడల్లా అది మాతోనే వచ్చేది.

ఇప్పుడు సామాను సంగతి. గల్ఫ్ నుంచి సెలవుకి వెళ్ళేవాడిని మీరు విమానాశ్రయంలో చూసే ఉంటారు. నలుపలకలా తాడు కట్టిన అట్టపెట్టె, దాని మీద నల్ల మార్కరుతో పేరూ ఊరూ. లోపల పాలపొడి డబ్బాలు, టాంగు, టైగర్ బామ్, దుప్పటి, సబ్బులు, పిల్లలకి చాక్లెట్లు, బావమరిదికి సెల్‌ఫోను. ముప్ఫై కిలోలు దాటకుండా గదిలో స్ప్రింగు తరాజుకి వేలాడదీసి నాలుగుసార్లు తూచుకుంటాం. ఆ ముప్ఫై కిలోల్లో మన కోసం ఉండేది రెండు జతల బట్టలు. చట్టం మాకు ఏడాదికి 30 రోజుల సెలవు ఇస్తుంది. ఆ సెలవంటే మాకు ఒకటే అర్థం, ఇంటికి పోవడం. ఇల్లు కాక మరోచోటికి, మన సరదా కోసం, పెట్టె లేకుండా వెళ్ళొచ్చన్న ఆలోచనే మా పేటలో ఎవరికీ రాదు. వస్తే తప్పు చేసినట్టు ఉంటుంది. ఆ టిక్కెట్టు డబ్బుతో ఇంటి దగ్గర ఏమేమి అవుతాయో మనసు లెక్కలు వేసేస్తుంది.

2024 చివర్లో మా వాడు ఒక రాత్రి అన్నాడు. "బిడ్డ ఇంజనీరింగు అయిపోవచ్చింది. వచ్చే జూన్‌ల ఖతం చేసుకొని ఇంటికి పోత. ఇగ రాను." నేను ఏమీ అనలేదు. కాసేపటికి వాడే గోడకేసి చూసి, "మరి అది?" అన్నాడు.

అలా ఖాయమైంది. 2024 జులైలో థాయ్‌లాండ్ మన పాస్‌పోర్టు వాళ్ళని వీసా లేకుండానే 60 రోజులు ఉండనివ్వడం మొదలుపెట్టింది. జనవరిలో వెళ్దామనుకున్నాం. విమానంలో చేతిసంచి ఏడు కిలోలు, అంతకు మించి సామాను వద్దనుకున్నాం. కరామాలో రెండు వీపు సంచులు కొన్నాం. పద్దెనిమిదేళ్ళలో నేను నా కోసం కొనుక్కున్న మొదటి సంచి అది.

ఇక అబద్ధాలు. మన వైపు మగవాడు "బ్యాంకాక్ వెళ్తున్నాను" అంటే వినేవాళ్ళు ఎలా నవ్వుతారో మీకు తెలుసు. మీరిప్పుడు నవ్వుతున్నారు కూడా. అందులోనూ మేం వెళ్ళేది కోఫంగాన్ ద్వీపానికి. ప్రతి పౌర్ణమికీ అక్కడి హాద్ రిన్ ఇసుకతీరంలో రాత్రంతా ఫుల్‌మూన్ పార్టీ జరుగుతుంది. 1980ల మధ్యలో కొద్దిమంది సంచారులు వెన్నెల్లో పాటలు పెట్టుకుని చేసుకున్న చిన్న విందు అది. ఇప్పుడు సీజనులో ఒక్క రాత్రికే వేలూ పదివేలూ జనం వస్తారు. ఇది ఇంట్లో చెప్పే విషయమా? నలభై ఆరేళ్ళ వయసులో? మా వాడు వాళ్ళావిడకి "రువైస్‌ల సైట్ పని, వారం రోజులు" అని చెప్పాడు. నేను మా ఆవిడకి "మలేసియా, బాటు కేవ్స్, సుబ్రహ్మణ్యస్వామి" అని చెప్పాను. అబద్ధం ఆడితే దేవుడి పేరు మీద ఆడకూడదని తర్వాత తెలిసింది.

దుబాయ్ నుంచి బ్యాంకాక్ ఆరు గంటలు. అక్కడి నుంచి రాత్రి రైలెక్కి దక్షిణంగా సూరత్ థానీ. ఆ పేరు వినగానే నాకు గుజరాత్ గుర్తొచ్చింది. తర్వాత తెలిసింది, నిజంగానే గుజరాత్‌లోని సూరత్‌ను తలుచుకుని 1915లో ఆరో రాముడనే రాజు, వజిరావుధ్, ఆ ఊరికి పెట్టిన పేరట. అక్కడి నదికి కూడా మన తపతి పేరే పెట్టారు, తాపి అంటారు. అక్కడి నుంచి బస్సు, దాన్‌సాక్ రేవు, ఆపైన రెండున్నర గంటల పడవ. వాళ్ళ పలకరింపు "సవాత్ దీ" మన "స్వస్తి"లోంచి వచ్చిందే. మా వాడు చేతులు జోడించి చక్కగా అంటుంటే పడవ మీద ఒక ముసలమ్మ మురిసిపోయింది.

థాంగ్ సాలా రేవులో దిగి తలెత్తి చూస్తే అన్నీ కొబ్బరిచెట్లు. రోడ్డు పక్క ఒలిచిన డొక్కల కుప్పలు, ఎండుకొబ్బరి వాసన. నాకు అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో దిగినట్టయింది. "చూశావా, నేను చెప్పలా!" అన్నాను. మా వాడు సముద్రం వైపు చూస్తూ, "నీళ్ళు చూడు, నీళ్ళు" అన్నాడు. క్యాలెండరు అబద్ధం చెప్పలేదు.

బస ఒక హాస్టల్లో. గది తలుపు తీసి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాలుగు రెండంతస్తుల మంచాలు, ఎనిమిదిమంది, బయట ఒకే స్నానాలగది, తీగ మీద ఆరేసిన తడి తువ్వాళ్ళు. మా వాడు సంచి కింద పడేసి పడీ పడీ నవ్వాడు. "అరే, ఇది మన క్యాంపే గదరా! పైసలిచ్చి అచ్చినం!" నేను అలవాటుగా పై మంచం ఎక్కాను. తక్కిన ఆరుగురూ ఇరవై, ఇరవై రెండేళ్ళ యూరపు పిల్లలు. మేం సాయంత్రానికి ఆ గది ఊడ్చాం, తువ్వాళ్ళు మడత పెట్టాం, స్నానానికి ఎవరు ఎప్పుడు వెళ్ళాలో వరస కూడా పెట్టాం. అలవాటు ఎక్కడికి పోతుంది? ఒక జర్మనీ కుర్రాడు మా వాణ్ణి అడిగాడు, "మీరు ఇల్లు వదిలి తిరగడం మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది?" అని. వాడు తడుముకోకుండా "ఎయిటీన్ ఇయర్స్" అన్నాడు. ఆ కుర్రాడు మంచం దిగి వచ్చి చెయ్యి కలిపాడు. అంతటి సంచారిని వాడెప్పుడూ చూడలేదట. ఆ మాటకి మేం ఆ రాత్రంతా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న సముద్రంలో దిగాం. ఇక్కడొక మాట. మా పేట నుంచి దుబాయ్ సముద్రం కారులో అరగంట. పద్దెనిమిదేళ్ళలో మా వాడు అందులో మోకాలు దాటి దిగలేదు. సెలవు రోజంటే బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా కూర వండుకోవాలి, ఇంటికి ఫోను చెయ్యాలి, నిద్రపోవాలి. జగిత్యాల పిల్లాడికి ఈత వచ్చింది వ్యవసాయ బావిలో. బావిలో నీళ్ళు కదలవు, ఇక్కడ కదులుతున్నాయి. మొదటి అల మొహాన కొట్టగానే "ఉప్పు!" అని అరిచాడు. నలభై ఆరేళ్ళ మనిషి, సముద్రం ఉప్పగా ఉంటుందని అప్పుడే కనిపెట్టినట్టు. తర్వాత రెండు గంటలు బయటికి రమ్మన్నా రాలేదు.

మధ్యాహ్నం అన్నంలో వచ్చిన కోడికూరలో ఆకు నమిలి ఆగిపోయాడు. "ఇది తులసి గదా?" నిజమే, వాళ్ళు కప్రావ్ అనేది మన తులసే. "కోట కాడ మొక్కుకునేదాన్ని కోళ్ళ వేసిండ్రు" అని కాసేపు బాధపడ్డాడు. తర్వాత రోజూ అదే తెప్పించుకున్నాడు. ద్వీపం తూర్పున థాన్ సదెత్ అనే సెలయేరు ఉంది. థాన్ అంటే మన ధార. చులాలోంగ్‌కార్న్ మహారాజు, అయిదో రాముడు, 1888 మొదలు పదిసార్లకు పైగా అక్కడికి వచ్చి స్నానం చేశాడు. బండల మీద ఆయన చెక్కించిన అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. మా వాడు ఆ బండ పక్క కూర్చుని, "రాజుకు గుడ ఇల్లు ఇడిసి రావాలె అనిపించింది సూడు" అన్నాడు.

జనవరి 13, సోమవారం పౌర్ణమి. ఆ రోజే భోగి. ఇంటి దగ్గర తెల్లారుజామున మంట వేసి ఉంటారు, మేం రాత్రి హాద్ రిన్ వెళ్ళాం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చూడవలసిన దృశ్యమే. వంపు తిరిగిన తీరం, పైన నిండు చంద్రుడు, కింద ఒంటి నిండా మెరిసే రంగులు పూసుకున్న వేలమంది పిల్లలు. చిన్నపిల్లలు ఇసుకలో ఆడుకునే ప్లాస్టిక్ బకెట్లలో మందు పోసి గడ్డిపుల్లలు గుచ్చి అమ్ముతారు. పది అడుగులకొక పాట, ఒకదానితో ఒకటి కలవదు. ఒకచోట పొడుగాటి తాడుకి నిప్పంటించి ఇద్దరు తిప్పుతుంటే జనం గెంతుతున్నారు. తాగి గెంతి కాళ్ళు కాల్చుకునేవాళ్ళు ఏటా ఉంటారు. మా వాడు దూరం నుంచి దణ్ణం పెట్టి, "భోగి మంట ఎగిరి దుంకుడా, నాతోని గాదు" అన్నాడు. కానీ పాట వింటూ చెప్పులు చేత్తో పట్టుకుని గంటసేపు గెంతాడు. ఎవరూ చూడటం లేదు, ఎవరికీ డబ్బు పంపక్కర్లేదు, సూపర్‌వైజరు లేడు. వాడలా గెంతడం నేను అంతకు ముందు చూడలేదు. అర్ధరాత్రి దాటాక ఇసుకలో కూర్చుని, "అరే, మనం ఏం తప్పు చేస్తలేం గదా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి చెప్పలేదు గద ఇంట్ల" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు సంక్రాంతి. అద్దెకు స్కూటరు తీసుకున్నాం. తప్పు నాది. చిన్నప్పుడు కాలవ గట్ల మీద లూనా నడిపినవాణ్ణి, నాకు రాదా అన్న ధీమా. థాయ్‌లాండ్‌లో మన ఇండియాలో లాగే ఎడమ పక్క నడపాలి. కానీ పద్దెనిమిదేళ్ళుగా కళ్ళూ చేతులూ దుబాయ్ కుడి పక్కకి అలవాటు పడ్డాయి. హాద్ రిన్ దారిలో ఏటవాలు దిగుతుంటే మలుపులో ఎదురుగా సాంగ్ తియో, అంటే అక్కడి షేర్ ఆటో లాంటి ట్రక్కు, వచ్చింది. నేను చప్పున కుడివైపు తిప్పాను. అది వాడి వైపు. అతను బ్రేకు వేశాడు కాబట్టి ఇవాళ నేను మీ ముందు ఉన్నాను. మేం ఇసుక మీద జారి పడ్డాం. నాకు మోచెయ్యి చీరుకుంది. మా వాడి పిక్క సైలెన్సరుకి కాలింది, ఎడమ మణికట్టు విరిగింది. రెండు దశాబ్దాలు కిటికీలు బిగించిన చెయ్యి అది, ఇంకో అయిదు నెలలు పని చెయ్యాల్సిన చెయ్యి.

ఆ ట్రక్కు డ్రైవరే మమ్మల్ని ఎక్కించుకుని క్లినిక్కుకి తీసుకెళ్ళాడు. డబ్బు తీసుకోలేదు. కట్టు కట్టారు. బిల్లు మా రెండు నెలల ఇంటి ఖర్చంత. మా దగ్గర ప్రయాణ బీమా ఉంది, కానీ మోటారు సైకిలు లైసెన్సు లేకుండా నడిపితే అది వర్తించదు. ఆ మాట కాగితంలో రాసే ఉంది, మేమే చదవలేదు. రోజూ వందల ఇన్‌వాయిసులు చదివే నేను చదవలేదు.

సరిగ్గా అప్పుడు మా వాడికి ఇంటి నుంచి ఫోను. పండగ కదా. ఎత్తలేదు. మళ్ళీ వచ్చింది, ఎత్తలేదు. మూడోసారి నొప్పితోనో కంగారుతోనో వీడియో బటను నొక్కేశాడు. వాళ్ళావిడ మొహం కనబడింది, చేతిలో సకినాల పళ్ళెం. రెండు క్షణాలు చూసి ఆవిడ అడిగిన మొదటి మాట: "దుబాయ్‌ల వాట్సాప్ వీడియో రాదు గదా. నువ్వు ఎక్కడున్నవ్?"

అమెరికాలో ఉన్న మీకు ఇది అర్థం కాకపోవచ్చు. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్ పనిచెయ్యవు, మేం వేరే యాప్‌లో మాట్లాడతాం. గల్ఫ్ వాడి భార్యకి ఈ సంగతి నెట్‌వర్క్ ఇంజనీరు కన్నా బాగా తెలుసు. మా వాడు కట్టు కట్టిన చెయ్యి దాచబోయి, వెనక ఉన్న కొబ్బరిచెట్టు చూపించాడు.

ఇక చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాడు. ద్వీపం, పార్టీ, స్కూటరు, చెయ్యి. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తిడుతుందనుకున్నాం. ఏడుస్తుందనుకున్నాం. అప్పుడు ఆవిడ అన్న మాట నేను పక్కనే ఉండి విన్నాను. "పద్దెనిమిదేండ్లు కష్టం దాస్తివి. జ్వరమొస్తె చెప్పకపోతివి, జీతం రాకుంటె చెప్పకపోతివి. నేను బుగులు పడతనని దాస్తున్నవ్ అనుకొని ఊకున్న. సుఖం గుడ దాస్తవా? మరి నాకు చెప్పేతందుకు ఏం మిగిలింది?"

నేను ఆ గదిలోంచి బయటికి వచ్చేశాను. బయట బెంచీ మీద కూర్చుని మా ఆవిడకి ఫోను చేశాను. ఎత్తగానే, "ఏమండీ, స్వామివారి విభూది తీసుకున్నారా?" అంది. తనకి కూడా అంతా చెప్పాను. తను ఒకటే అడిగింది, "బ్యాంకాక్ అంటే నేనేమనుకుంటాననుకున్నారు?" ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే భోజనాల దగ్గర చెప్పండి.

మిత్రులారా, నేను చెప్పదలచుకున్నది ఇదే. వలస వచ్చినవాడు మొదట కష్టం దాచడం నేర్చుకుంటాడు. అది ప్రేమతోనే. ఇంట్లోవాళ్ళు బెంగ పెట్టుకుంటారని. కొన్నేళ్ళకి దాచడమే అలవాటైపోతుంది. ఫోనులో "అంతా బాగుంది, తిన్నాను, పడుకుంటున్నాను" అన్న మూడు మాటలు మిగులుతాయి. నెలనెలా డబ్బు చేరుతుంది, పెట్టె చేరుతుంది, మనిషి చేరడు. మీ పరిస్థితి వేరనుకోకండి. ఇండియాలో అమ్మకి ఫోను చేసినప్పుడు మీ మూడు మాటలేమిటో ఒకసారి గుర్తు చేసుకోండి.

అందుకని వెళ్ళండి. స్నేహితుడితో వెళ్ళండి. ఏడు కిలోల సంచి చాలు. యాభై నిండకముందు ఒక్కసారైనా ఎవరి కోసమూ కాకుండా మీ కోసం ఒక సముద్రంలో దిగండి. కానీ ఇంట్లో చెప్పి వెళ్ళండి. చెప్పలేని చోటికైతే వెళ్ళకండి. మా లాంటివాళ్ళ కోసం నాలుగు జాగ్రత్తలు కూడా చెబుతాను, నా మోచెయ్యి సాక్షిగా. మోటారు సైకిలు లైసెన్సు లేకపోతే స్కూటరు ముట్టుకోకండి, సాంగ్ తియో ఎక్కండి. బీమా కాగితం చిన్న అక్షరాలతో సహా చదవండి. నిప్పుతాడు దగ్గరికీ, మందు తాగి నీళ్ళ దగ్గరికీ వెళ్ళకండి. అక్కడ గంజాయి మీద చట్టం 2022లో సడలింది, 2025లో మళ్ళీ బిగిసింది. ఎలా ఉన్నా సరే, తిరిగి దుబాయ్‌లో దిగవలసినవాళ్ళు ఆ దుకాణాల గుమ్మం ఎక్కకండి. మా దగ్గర చట్టం చాలా కఠినం.

మా వాడి చెయ్యి ఆరు వారాలకి అతుక్కుంది. జూన్‌లో గ్రాట్యుటీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. ట్రాలీ మీద మామూలు అట్టపెట్టె, తాడు, మార్కరు అక్షరాలు. వీపున ఆ సంచి. క్యాలెండరు పేజీ నాకిచ్చి వెళ్ళాడు. "నీళ్ళు చూసినం గద, ఇగ నాకెందుకు?" అన్నాడు.

ఆ ఏడాది దసరాకి నేను సెలవులో ఉండగా వాళ్ళు ముగ్గురూ, భార్యా కూతురూ తనూ, మా ఊరు వచ్చారు. అందరం కలిసి అంతర్వేది వెళ్ళాం. నరసింహస్వామి దర్శనం చేసుకుని వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి నడిచాం. ఆవిడ సముద్రం చూడటం అదే మొదటిసారి. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిగింది. అల వచ్చి మొహాన కొట్టింది. మా వాడు నా పక్కన నిలబడి, ఏమంటుందోనని చెవులు రిక్కించాడు.

"ఉప్పు!" అంది.

మా వాడు నా వైపు చూడలేదు. కూతురి వీపున ఉన్న సంచి తీసి తన భుజాన వేసుకుని నీళ్ళలోకి దిగాడు. నీళ్ళు నీలంగా లేవు, మన గోదావరి రంగులోనే ఉన్నాయి. ఆ విషయం మాత్రం వాడు నాతో అనలేదు.

భోజనాల హాలు తలుపు తీసినట్టున్నారు.  సెలవు.